వెలిసిపోయిన నీలము



మీ గ్రామములలో విరిగిన బండిచక్రము పశువులపాక ప్రక్కన ఏండ్ల తరబడి పడియుండునట్లు, మా సికింద్రాబాదులో పాత కార్లు వేపచెట్ల క్రింద పడియుండును. మెట్టుగూడ, లాలాగూడ, చిలకలగూడ, మారేడుపల్లి, ఏ వీధికి పోయినను ఒకటి రెండు కనబడును. చక్రములలో గాలి యుండదు. అద్దముమీది దుమ్ములో పిల్లలు వ్రేళ్లతో తమ పేర్లు వ్రాసియుందురు. లోపల పిల్లి ఈనియుండును. ఇంజను ఎట్లున్నదో తెరచి చూచినగాని తెలియదు. కాని ఆ బండి చచ్చినదని దూరమునుండియే మనకు చెప్పునది దాని రంగు.

ఇది కార్లున్నవారి గొడవ, మాకెందుకని కొందరు పుట త్రిప్పబోవుచుందురు. కొంచెమాగుడి. మీ ఊరిలో ట్రాక్టరుండును. కొన్ననాడు పండుమిరపకాయవలె ఎఱ్ఱగానున్న దాని మూత నాలుగు వేసవులు గడచుసరికి గులాబిరంగునకు తిరుగుట మీరు చూచియే యుందురు. ఆరుబయట నిలుచు మోటారు సైకిలు టాంకి, ఇంటిముందరి ఇనుప గేటు కూడ అంతే. ఎండ వాటికేమి చేయుచున్నది, అందులో ఎంతవరకు మరల సరిచేయవచ్చును, ఎక్కడ చేయి తీసివేయవలెను అను సంగతులు యాబదియారేండ్ల వయస్సులో ఒక పాత కారును తుడుచుచు నేను నేర్చుకొంటిని. వేదాంత కళాశాలలో మాకు గ్రీకు నేర్పిరి గాని రంగు రుద్దుట నేర్పలేదు.

ఆ కారు మా సంఘములోని ఒక పెద్దాయనది. లాలాగూడలో 1893 నుండి నడుచుచున్న రైల్వే కార్ఖానాలో ఆయన ఫోర్మనుగా పనిచేసి విరమించిరి. కారు 1984వ సంవత్సరపు అంబాసిడరు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివరినుండి 2014 వరకు తయారైన ఆ గుండ్రని బండిని ఎరుగనివారు మనలో తక్కువ. కలెక్టరుగారు మీ ఊరికి వచ్చినపుడు దిగినది దానిలోనుండియే. ఆయన దానిని 1991లో సెకండ్‌హ్యాండులో కొనిరి. అప్పుడు రెండు బండ్లు అమ్మకమునకు ఉండెనట, ఒకటి తెల్లది, ఒకటి ముదురు నీలము. తెల్లది ధర తక్కువ. "తెల్లది సర్కారు బండిలా ఉంది, నేనెక్కను" అని ఆయన భార్య నీలపు దానిని ఎంచుకొనెను. ఆమె 2009లో ప్రభువునందు నిద్రించెను. తరువాత చక్కెర వ్యాధిచేత పెద్దాయనకు చూపు మందగించి, క్రమముగా పోయెను. 2012 నుండి ఆ బండి మెట్టుగూడలో వారి యింటిముందు, రైలుపట్టాలకు ఎదురుగానున్న వేపచెట్టు క్రింద కదలక నిలిచెను.

వారి కుమారుడు మంచివాడే, తండ్రిని శ్రద్ధగా చూచుకొనువాడు. కాని బండి చోటు తినుచున్నది, రిజిస్ట్రేషను గడువు దాటినది. మన దేశములో సొంత కారుకు మొదటి పదునైదేండ్ల తరువాత అయిదేండ్లకొకసారి దానిని తనిఖీ చేయించి పొడిగించుకొనవలెను. ఒక సాయంకాలము నేను పరామర్శకు పోయినపుడు అతడు వాకిలిదగ్గర నాతో మెల్లగా చెప్పెను. "మెకానిక్ ఇంజన్ లేస్తుందన్నాడు అయ్యగారూ. రంగుకే నలభై అయిదు వేలు అడుగుతున్నారు. నాన్నకు కనబడని రంగుకు అంత డబ్బా?"

లోపలనుండి పెద్దాయన వినిరి. చూపు పోయినవారి చెవులు ఎట్టివో మీకు తెలియును. "కొత్త రంగు నేనే వద్దంటున్నా. అది మీ అమ్మ చూసిన నీలం కాదు" అనిరి.

కొడుకు తల వంచుకొని, "క్రిస్మసుదాకా చూద్దాం నాన్నా. అప్పటికీ ఇట్లాగే ఉంటే పాతసామాన్లవాడిని పిలుస్తా" అనెను. తండ్రి మరి మాటాడలేదు. ఆ మౌనము నాకు రాత్రి నిద్ర పట్టనీయలేదు. సోమవారము నాకు విశ్రాంతి దినము. ఆ సెప్టెంబరు నెలనుండి నా సోమవారములు ఆ వేపచెట్టుక్రిందికి పోయినవి.

మొదట నేను వెళ్లినది మా వీధి చివర కార్లకు రంగువేయు మేస్త్రీయొద్దకు. ముసలివాడు, నమాజుకు తప్పనివాడు, నలుబదియేండ్లుగా అదే పని. నా మాట విని నవ్వలేదు. "పాస్టర్ సాబ్, రంగు జిందా ఉన్నదా లేదా, ముందు గది సూసుకోండ్రి. సచ్చిన రంగును ఎంత రుద్దినా లేవదు. జిందా ఉంటే మాత్రం మీ చేతితోనే అయితది, నా అవసరం లేదు" అనెను. తన బేరము తానే పోగొట్టుకొని ఆ మాట చెప్పినందుకు అతనిని నేను మరువను.

రంగు బ్రతికియున్నదని తెలిసికొనుట ఎట్లు? మీ యింటి గోడకు సున్నము కొట్టిన కొన్ని నెలల తరువాత దానికి వీపు ఆనించి లేచినయెడల చొక్కాకు తెల్లని పొడి అంటుకొనును. కారు రంగులోను ఇదే జరుగును. రంగులో ముఖ్యముగా రెండున్నవి. ఒకటి రంగునిచ్చు సన్నని పొడి. రెండవది ఆ పొడిని ఒకటిగా పట్టియుంచు జిగురు. సూర్యుని వెలుగులో కంటికి కనబడని అతినీల కిరణములు, గాలి, తేమ కలిసి పైపైనున్న జిగురును తినివేయును. పట్టుకొనునది పోయినపుడు పొడి మిగులును. ఆ పొడియే మనకు తెల్లని మసకవలె కనబడుచున్నది. దాని క్రింద ఎండ చేరని చోట జిగురు గట్టిగా ఉండవచ్చును. అందుచేత వెలిసిన రంగంతయు చచ్చినది కాదు, పైపొర మాత్రమే చచ్చియుండవచ్చును.

పరీక్ష యిది. తలుపు తెరచి, మరుగైన చోట తెల్లని పాత పంచెగుడ్డతో కొంచెము పాలిషు రుద్దవలెను. గుడ్డకు కారు రంగు అంటినచో అది ఒకే పొరగా వేసిన పాతకాలపు రంగు. అంటనిచో రంగుమీద గాజువంటి పారదర్శకమైన పూత ఒకటి యున్నదని తెలిసికొనవలెను. 1980ల తరువాత ప్రపంచములోని కార్లకు క్రమక్రమముగా ఆ రెండవ పద్ధతియే వచ్చినది. నా గుడ్డ నీలమాయెను. పెద్దాయనకు ఆ సంగతి చెప్పితిని. "నీలమేనా? నల్లగా కాదు గదా?" అని రెండుసార్లు అడిగిరి.

ఇక్కడ ఒక లెక్క చెప్పవలెను, ఈ పనిలోని భయమంతయు దానిలోనే యున్నది. ఫ్యాక్టరీలో కారుకు వేసిన రంగు, దాని అడుగు పూతలతో సహా, సాధారణముగా మిల్లీమీటరులో పదవవంతునకు కొంచెము అటో ఇటో. మీ పిల్లల నోటుపుస్తకములో ఒక్క కాగితమంత మందము. అందులో రంగు కొంతభాగమే. మనము పాలిషు రుద్దుట అనగా రంగునకు మెరుపును చేర్చుట అని చాలమంది అనుకొందురు. నేనును అట్లే అనుకొనెడివాడను. నిజమునకు రుద్దినప్పుడెల్ల కొంత రంగు తీసివేయుచున్నాము. చచ్చిన పొర పోయినపుడు క్రింది బ్రతికిన పొర కనబడును, అదే మెరుపు. తీసినది తిరిగి రాదు. ఆ కాగితములో ఎంత మిగిలియున్నదో పైనుండి చూచి చెప్పలేము. ఆమె ఎంచుకొన్న నీలము మరి యెక్కడను దొరకదు. అది ఆ కాగితమంతే.

కాబట్టి తక్కువలో తక్కువ తీయవలెననుట నా మొదటి నియమమాయెను.

ముందు కడుగుట. దీనిని చిన్నపనిగా ఎంచరాదు. పైనున్న దుమ్ము ఇసుకయే. పొడిగుడ్డతో తుడిచినచో ఆ ఇసుకతోనే రంగును గీకినట్లగును. వీధిలో డ్రైవర్లు తెల్లవారుజామున పొడిగుడ్డతో దులుపుట చూచినపుడెల్ల ఇప్పుడు నా పండ్లు పులియును. రెండు బకెట్లు పెట్టుకొంటిని. ఒకదానిలో కారు షాంపూ నీళ్లు, మరియొకదానిలో గుడ్డ జాడించుకొనుటకు మంచినీళ్లు. పైకప్పునుండి మొదలుపెట్టి క్రిందికి వచ్చితిని, ఏలయనగా క్రిందిభాగమునకే బురద ఎక్కువ. బట్టల సబ్బుపొడి, సోడా వాడలేదు. నీడలోనే కడిగితిని. మా బోరు నీళ్లు ఉప్పునీళ్లు, ఎండలో ఆరినచో ఒక్కొక్క చుక్క తెల్లని ముద్ర వేసి పోవును. అందుచేత వెంటనే మెత్తని గుడ్డతో అద్దితిని. పక్షిరెట్టలను గోటితో గీరక, తడిగుడ్డ పది నిమిషములు కప్పి నానబెట్టితిని. కొన్నిటి క్రింద రంగు తినివేయబడి గుంటలుండెను. అవి అట్లే ఉన్నవి.

కడిగిన తరువాత బండి చూపునకు శుభ్రముగానుండెను, కాని వ్రేళ్లతో తాకినచో గరుకు. సన్నని ప్లాస్టిక్ సంచిని చేతికి తొడుగుకొని రంగుమీద మెల్లగా జరిపినచో ఆ గరుకు మఱింత స్పష్టముగా తెలియునని రాణిగంజులో పాలిషు కొన్న దుకాణమువాడు చెప్పెను. నేను ప్రయత్నించితిని. ఏదో ఉన్నట్టు, లేనట్టు. అప్పుడు పెద్దాయనను కుర్చీలో తెచ్చి కారుప్రక్కన కూర్చుండబెట్టి, ఆయన చేతికి సంచి తొడిగితిని. ఆయన చేయి బానెట్టుమీద ఒక్కసారి జరిపి ఆగెను. "ఇక్కడ. ఇక్కడ. ఈ ప్రక్కంతా ఉన్నాయి. ఆ ప్రక్క తక్కువ" అనిరి. నేను వంగి చూచితిని. ఆయన చూపిన చోటనెల్ల ఆవగింజలో సగము లేని గోధుమరంగు చుక్కలు.

"తుప్పు పట్టింది పెద్దయ్యా" అంటిని.

"కారు తుప్పు కాదయ్యగారూ. రైలు బ్రేకు పొడి. పట్టాలవైపు ప్రక్క కదా అది. నలభై ఏండ్లు పీల్చాను, నాకు తెలవదా!"

ఆయన చెప్పినది నిజము. రైలు ఆగినపుడు బ్రేకులనుండియు, చక్రము పట్టాను ఒరయుటచేతను సన్నని ఇనుపరజను లేచును. అది గాలిలో వచ్చి రంగుమీద పడి, తేమకు తుప్పుపట్టి, అక్కడనే పాతుకొనును. కడిగినంతమాత్రమున పోదు. రుద్దినచో ఆ ఇనుపరజనుతోనే రుద్దినట్లగును. దీనికి పిల్లలాడుకొను బంకమట్టివంటి ముద్ద యొకటి అమ్ముదురు, క్లే బారు అందురు. సబ్బునీళ్లు జల్లి, ఆ ముద్దను చదును చేసి, బలము పెట్టక జరుపవలెను. గరుకు తగ్గువరకు ముద్ద చప్పుడు చేయును, తరువాత మౌనముగా జారును. మురికియైన ముఖమును లోపలికి మడిచి క్రొత్త ముఖము తీయవలెను. నేలపై పడినచో, ఎంత ఖరీదైనదైనను, పారవేయవలెను. మూడు సోమవారములు ఈ పనికే పట్టెను. ప్రతి భాగము అయిన తరువాత పెద్దాయన సంచి తొడుగుకొని చూచెడివారు. రెండు చోట్ల "మళ్లీ" అనిరి. కళ్లున్న నేను అయిపోయినదనుకొన్న చోట్లే అవి.

ఇక రుద్దుట. దుకాణములలో రెండు రకములు ఇత్తురు. ఒకటి రబ్బింగు కాంపౌండు, దానిలో కొంచెము ముతక రజను. రెండవది పాలిషు, దానిలో మఱింత సన్ననిది. రెండును చూచుటకు వెన్నవలె మెత్తగనే యుండును. చాలమంది బండి బాగా చెడినది గనుక ముతకదానితోనే మొదలుపెట్టుదురు. మేస్త్రీ నాతో ఇట్లు చెప్పెను: "సన్నదానితో మొదలువెట్టుండ్రి. గది పనిచేస్తే ముతకది డబ్బా మూత గూడ తియ్యొద్దు." వెనుక డిక్కీమూతమీద రెండడుగుల చదరము కొలిచి, చుట్టు టేపు అంటించి, అక్కడ మాత్రము సన్నని పాలిషు పట్టించితిని. స్పాంజితో, చేతితో, చిన్నచిన్న వరుసలుగా. గుడ్డ నీలమాయెను, మార్చితిని. మరల నీలము. నాలుగవ గుడ్డకు నీలము పలుచబడెను. టేపు తీసి చూచితిని.

చదువరులారా, చింతపండుతో తోమిన ఇత్తడి బిందెను మీరు చూచియున్నారు. సగము తోమి సగము విడిచిన బిందెను తలచుకొనుడి. టేపు గీతకు ఇవతల బూడిదవంటి మసక. అవతల నీలము, దానిలో వేపకొమ్మ నీడ ఆకు ఆకుగా కనబడుచుండెను. కొడుకు ఆఫీసునుండి వచ్చి, స్కూటరు దిగకుండ చాలసేపు చూచెను. ఏమియు అనలేదు. మరుసటి సోమవారము వెళ్లుసరికి నా కోసము పాత బనియన్లు చింపి, ఉతికి, ఆరవేసి, మడతపెట్టి యుంచెను.

యంత్రముతో రుద్దిన ఒక్కపూటలో అగునని కొందరు సలహా యిచ్చిరి. అగును. కాని గిర్రున తిరుగు చక్రము చేతికి తెలియకముందే రంగును తినివేయును. ముఖ్యముగా అంచులమీద. రంగు జల్లినపుడు మిట్టలమీద, అంచులమీద అది పలుచగా నిలుచును, మనము రుద్దునపుడు బలము పడునదియు అక్కడనే. అంబాసిడరు బానెట్టు నడుమ లేచిన గట్టు, దీపములమీది కనుబొమల వంపులు, తలుపుల మడతలు అన్నిటికి టేపు అంటించి, ఆ భాగములను చివర వ్రేలికొనతో రెండేసి మార్లు మాత్రము తుడిచితిని. చేతితో చేయువాడు అలసిపోవును, అలసట చేతిని ఆపును. యంత్రము అలసిపోదు, నేర్చినవాని చేతిలోనుండవలసిన వస్తువది.

కొందరు కిరసనాయిలు, కొందరు కొబ్బరినూనె పూయుమనిరి. పాత టాక్సీలకు అట్లు చేయుట నేను చూచియున్నాను. నూనె పొడిలోనికి ఇంకి, తడిసిన మన్ను నల్లగా కనబడునట్లు, రంగు ఒకటి రెండు దినములు ముదురుగా కనబడును. పెండ్లికొడుకు ఊరేగింపు దాటువరకు నిలుచును. తరువాత ఆ జిడ్డుకు దుమ్మంతయు అంటుకొనును. దానిని చూచి బండి అమ్మినవారున్నారు, కొన్నవారును ఉన్నారు.

మన పట్నములో డ్యూకో అను మాట వినబడును. బీరువాకు, తలుపుకు డ్యూకో కొట్టించితిమని చెప్పుకొందురు. అది అమెరికాలో డ్యూపాంటు కంపెనీ 1920లలో కార్లకొరకు తెచ్చిన రంగు పేరు. అంతకుముందు కార్లకు గుఱ్ఱపు బగ్గీలకు వలెనే కుంచెతో పొరమీద పొర వేసి, ఒక్కొక్కటి ఆరుటకు కాచుకొని, ఒక బండికి వారముల తరబడి పనిచేసెడివారు. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెసుకు పోయినవారు అక్కడ పసుపుపచ్చ రోల్సు రాయిసును చూచియుందురు. నిజాము మీర్ మహబూబ్ అలీఖాను తనకొరకు చేయుమని చెప్పిన బండి అది. ఆయన 1911లో చనిపోయెను, బండి తరువాతనే వచ్చెను. చాలకాలము పట్టించుకొనువారు లేక పడియుండి, మన కాలములో నిపుణుల చేతులలో బాగుపడినది. రాజుల బండ్లకు నిపుణులు దొరుకుదురు. మెట్టుగూడ అంబాసిడరుకు రెండు వేల రూపాయలలోపు సామాను, సోమవారములు దొరికినవి.

ఇంక పైకప్పు. ఎండ నేరుగా పడునవి పైకప్పు, బానెట్టు, డిక్కీమూత. ప్రక్కతలుపులు వీటికంటె ఎప్పుడును మెరుగు. బానెట్టు బాగుపడెను. పైకప్పు కూడ అంచులనుండి నడుమకు వచ్చుచుండగా బాగుగనే యుండెను. నడుమ, రెండు అరచేతులంత చోట, గుడ్డకు నీలము అంటుచుండగనే క్రింద రంగు పాలిపోవుట కనబడెను. ఇంకొక్క వరుస రుద్దినచో బూడిదరంగు అడుగుపూత బయటపడును. నేను గుడ్డ తీసివేసితిని.

కొడుకు ఆనాడు సెలవుపెట్టి నాతోపాటు రుద్దుచుండెను. "చుట్టూ ఇంత బాగా వచ్చింది అయ్యగారూ. ఇంకొంచెం రుద్దితే అదీ వస్తుందేమో. లేకపోతే అదొక్కటీ రంగు కొట్టిద్దాం" అనెను. నేను వద్దంటిని. అతనికి కోపము వచ్చెను. పండ్రెండు వారముల పనిని నడినెత్తిమీద మచ్చతో ముగించుట అతనికి సహింపరాని సంగతి. అది న్యాయమే, నాకును కంటికి ఇంపుగా లేదు. చివరకు తండ్రిని అడిగితిమి.

"మచ్చ ఎంతుంది?" అనిరి ఆయన.

ఆయన కారు అంచుమీద నిలబడలేరు గనుక, ఆయన రెండు చేతులను పట్టుకొని బానెట్టుమీద ప్రక్కప్రక్కన పరచి, "ఇంత" అంటిని.

"ఇంతేనా? ఆమె దానిమీద వడియాలు పెట్టేది. ఉండనివ్వండి."

ఆ మాటకు కొడుకు నవ్వెను. నవ్వుచునే లోపలికి పోయి, కొంతసేపటికి కన్నులు కడుగుకొని వచ్చెను.

చివర మైనము. కార్నౌబా అను మైనము బ్రెజిలు దేశపు ఈశాన్యభాగములో పెరుగు ఒక తాటిజాతి చెట్టు ఆకులనుండి వచ్చును. ఆ యెండలో ఆకులోని నీరు ఆవిరి కాకుండ చెట్టు తనకు తానే పూసికొను పూత అది. సుమారు 80 డిగ్రీలు దాటినగాని కరుగదు. దానిని పలుచగా పూసి, ఆరిన తరువాత తుడువవలెను. మందముగా పూసినచో తుడుచుటకు చేతులు పోవును గాని లాభము లేదు. అది కొన్ని వారములు, బాగుగా చూచుకొన్న రెండు మూడు నెలలు ఉండును. తరువాత మరల పూయవలసినదే. ఎండకు, రంగునకు నడుమ నిలిచి ముందుగా అరిగిపోవుటకే దానిని పూయుదురు.

ఈ సంగతి తెలిసి సంఘములోని ఒక యువకుడు తన చిన్న కారును తెచ్చెను. 2006 నాటిది, అప్పు చేసి కొన్నది, దానిమీదనే అతని జీవనము. పైకప్పుమీద పారదర్శక పూత ఎండకు కాలిన వీపు చర్మమువలె పొరలు పొరలుగా లేచియుండెను. "అంబాసిడర్ లాగా చేయండి అయ్యగారూ" అని ఎంతో ఆశతో అడిగెను. దానిని అట్లు చేయరాదు. ఆ పూత మొత్తము 40 నుండి 50 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో ఇరువదవవంతు. ఎండనాపు మందు అందులోనే కలిసియుండును. అది లేచిపోయిన తరువాత ఏ పాలిషును దానిని అంటించలేదు. గీకి మరల పూయించవలసినదే. ఊడని చోట్ల మాత్రము కడిగి, మైనము పెట్టి కొంతకాలము కాపాడవచ్చును. అతనిని మేస్త్రీయొద్దకు తీసికొనిపోయితిని. పైకప్పు ఒక్కటే తగ్గించి చేయుటకు అతడొప్పుకొనెను. యువకుని ముఖము చిన్నబోయినది నిజమే. అయినను అతనిచేత పదునాలుగు వారములు వృథాగా రుద్దించుటకంటె అది మేలు.

ఈ అంబాసిడరునుండి ఒక ప్రసంగము తీయవచ్చునని సంఘములో ఇద్దరు ముగ్గురు నాతో అనిరి. తీయలేదు. పెద్దాయన రెండవ వరుసలోనే కూర్చుందురు.

క్రిస్మసు వచ్చినది, పోయినది. కొడుకు పాతసామాన్లవానిని పిలువలేదు, పిలువనని కూడ చెప్పలేదు. జనవరిలో ఒకనాడు బ్యాటరీ కొని తెచ్చెను. తరువాత నాలుగు టైర్లు. బండిని వేపచెట్టు క్రిందినుండి పట్టాలకు ఎడమైన గోడనీడకు త్రోయించి, దానికి ప్లాస్టిక్ గుడ్డ కప్పబోగా నేను వారించితిని. ప్లాస్టిక్ క్రింద తేమ నిలుచును, గాలికి అది కొట్టుకొని దుమ్ముతో రంగును రుద్దును. రేకుల పందిరి మేలు. ఇప్పుడు పందిరి వేయుచున్నారు.

పెద్దాయన సాయంకాలములయందు కుర్చీ కారుప్రక్కన వేయించుకొనుచున్నారు. మొన్న నేను పోయినపుడు వెనుకతలుపు క్రింది అంచుమీద ఆయన చేయి ఆగియుండెను. "ఇక్కడ లోపలినుంచి ఉబ్బుతోంది అయ్యగారూ. ఇది బ్రేకు పొడి కాదు" అనిరి. చూచితిని. తలుపు అడుగున నీరు కారుటకున్న రంధ్రము ఆకులతో మూసికొనిపోయి, లోపల నిలిచిన నీరు ఇనుమును తినుచున్నది. రుద్దుటకు ఇది రంగు సంగతి కాదు, మేస్త్రీ చూడవలసినది. రంధ్రములు నాలుగును పుల్లతో పొడిచి తెరచితిని. వానలకు ముందే ఆ తలుపు పని చేయించవలెనని కొడుకుతో అనుకొంటిమి.